ఇంగ్లీషు నేర్చుకుందాం: ‘డెవస్టేట్’, దాని చుట్టపక్కాలు



హాస్టల్ వార్షికోత్సవ సంచికకు చదువుకు పనికొచ్చే వ్యాసం ఒకటి రాసివ్వమని అడిగితే మా బ్యాచ్ వాళ్లమంతా కూర్చుని ఆలోచించాం. కథలు, కవితలు, మెస్సు సాంబారు మీద జోకులు రాసేవాళ్లకు మన హాస్టల్లో ఎప్పుడూ కొదవ లేదు. అందుకని మేము ఇంగ్లీషు పాఠం ఎంచుకున్నాం. గ్రామరు జోలికి పోవడం లేదు, భయపడకండి. ఒక్క మాట తీసుకుని దాని అర్థం, వాడుక, దానికి దగ్గరగా ఉండే మాటలు చెప్పుకుందాం. ఆ మాట ‘డెవస్టేట్’. తీవ్రంగా నాశనం చేయడం అని దాని అర్థం.

ఇన్ని మంచి మాటలుండగా నాశనం గురించే ఎందుకు అని అడగవచ్చు. దానికి ఒక కారణం ఉంది.

ఒక సెలవు చీటీ

1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణాన తుపాను తీరం దాటింది. కోనసీమలో కొబ్బరి చెట్లు లక్షల సంఖ్యలో కూలాయి. 1,000 మందికి పైగా చనిపోయారు. బలుసుతిప్ప, భైరవపాలెం వంటి తీరగ్రామాలు ఎక్కువగా నష్టపోయాయి. మేము అప్పుడు ఇక్కడే పదో తరగతి చదువుతున్నాం. ఆ రాత్రి కిటికీ రెక్కలు కొట్టుకుంటుంటే ట్రంకు పెట్టెలు అడ్డంపెట్టి కూర్చున్నాం. కరెంటు లేదు. తెల్లవారాక కోనసీమ కుర్రాళ్లు ఎవరూ టిఫినుకు రాలేదు. గేటు దగ్గర నిలబడి, దారిన పోయేవాళ్లను తమ ఊళ్ల సంగతి అడుగుతున్నారు.

రెండు రోజుల తరువాత, కాట్రేనికోన వైపు నుంచి వచ్చి ఎనిమిదో తరగతి చదువుతున్న తమ్ముడొకడికి బంధువు ద్వారా కబురు వచ్చింది. సెలవు చీటీ ఇంగ్లీషులోనే రాయాలని మా ట్యూటర్ మాస్టారు రూలు పెట్టి ఉన్నారు. ఆ తమ్ముడు ఇలా రాశాడు: ‘మై హౌస్ ఈజ్ డ్యామేజ్డ్. ప్లీజ్ గ్రాంట్ మి వన్ డే లీవ్.’

మాస్టారు చీటీ చదివి, “ఇల్లు ఎంతవరకు దెబ్బతిందిరా?” అని అడిగారు.

“ఇల్లు లేదండి. పాక కొట్టుకుపోయిందండి. బియ్యం, గిన్నెలు, మేకలు, చెల్లి పుస్తకాలు ఏవీ మిగల్లేదండి. అమ్మావాళ్లు బడిలో ఉన్నారంటండి.”

“మరి డ్యామేజ్డ్ అని రాశావేమిట్రా?”

“నాకొచ్చింది ఆ ఒక్క మాటేనండి.”

మేము పక్కనే ఉన్నాం. ఎవరం నవ్వలేదు. ఆ చీటీ ఒక్కటే చూసినవాళ్లకు పాక మీద తాటాకు నాలుగు మట్టలు లేచిపోయాయని అనిపిస్తుంది. ఒక్క రోజు సెలవు చాలుననీ అనిపిస్తుంది. జరిగింది ఎంతో చెప్పే మాట మన దగ్గర లేకపోతే, ఎదుటివాడి కంటికి మన కష్టం చిన్నదైపోతుంది. ఈ పాఠం రాయడానికి కారణం అదే.

మాటలకూ ప్రమాద హెచ్చరికలు

గోదావరి వాళ్లం కాబట్టి గోదావరి లెక్కతోనే మొదలుపెడదాం. ధవళేశ్వరం దగ్గర కాటన్ బ్యారేజీ వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది. ఆ హెచ్చరికలు సుమారుగా 10 లక్షలు, 13 లక్షలు, 17 లక్షల క్యూసెక్కుల ప్రవాహానికి గుర్తు. 1986 ఆగస్టు వరదలో ఆ ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు కూడా దాటింది.

నీరు ఒకటే, నది ఒకటే. అయినా ‘వరద వచ్చింది’ అని ఊరుకోకుండా ఎన్నో హెచ్చరిక అని అడుగుతాం. ఎందుకంటే లంకల్లో ఉన్నవాళ్లు పశువులను గట్టుకు తోలాలో, ఇంకా ఒక పూట ఆగవచ్చో ఆ అంకె చెబుతుంది. ఇంగ్లీషులో నష్టాన్ని చెప్పే మాటలు కూడా ఇలాగే మెట్లు మెట్లుగా ఉన్నాయి. సినానిమ్స్ అంటే అచ్చంగా ఒకే అర్థం ఉన్న మాటలని అనుకుని బట్టీ పడతాం. నిజానికి అవి ఒకే ఇంటిపేరున్న అన్నదమ్ముల్లాంటివి. ఒకరి పని ఇంకొకరు చేయరు.

మొదటి హెచ్చరిక: డ్యామేజ్, స్పాయిల్

‘డ్యామేజ్’ అంటే దెబ్బతినడం. వస్తువు ఇంకా ఉంది, కొంత పాడయింది, బాగుచేసుకోవచ్చు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు విశాఖపట్నం విమానాశ్రయం బాగా దెబ్బతింది, తరువాత బాగుచేశారు. దీనిని ‘ది ఎయిర్‌పోర్ట్ వాజ్ సివియర్లీ డ్యామేజ్డ్’ అనవచ్చు. దెబ్బ ఎక్కువైనప్పుడు ‘సివియర్లీ’ అనీ, తక్కువైనప్పుడు ‘స్లైట్లీ’ అనీ ముందు చేరుస్తాం.

ఈ మాటతో మనం చేసే తప్పులు మూడు.

ఒకటి, మనుషులకు వాడడం. తెలుగులో గోడకూ దెబ్బే, మోకాలికీ దెబ్బే. ఇంగ్లీషులో వస్తువులు ‘డ్యామేజ్’ అవుతాయి, మనుషులు ‘ఇంజ్యూర్డ్’ అవుతారు. కత్తితోనో, తుపాకితోనో గాయమైతే ‘వూండెడ్’. ‘మై ఫాదర్ ఈజ్ డ్యామేజ్డ్’ అని రాయకూడదు. అయితే శరీరంలో ఒక భాగం గురించి డాక్టర్లు ‘లివర్ డ్యామేజ్’, ‘నెర్వ్ డ్యామేజ్’ అంటారు. అది సరైనదే.

రెండు, చివర ‘ఎస్’ తగిలించడం. నష్టం ఎంత ఎక్కువైనా ‘డ్యామేజ్’ అనే రాయాలి. ‘మచ్ డ్యామేజ్’, ‘ఎ లాట్ ఆఫ్ డ్యామేజ్’ అనాలి. ‘డ్యామేజెస్’ అంటే అర్థమే మారిపోతుంది. అది కోర్టు ఇప్పించే నష్టపరిహారం. లాయరు గారు ‘డ్యామేజెస్’ అంటే డబ్బు గురించి మాట్లాడుతున్నారన్న మాట.

మూడోది మన హాస్టల్ అనుభవం. ఒకసారి బోరు మోటారు ఆగిపోయింది. మాలో ఒకడు చొరవ తీసుకుని ఇంగ్లీషులో అర్జీ రాశాడు: ‘అవర్ మోటార్ ఈజ్ రిపేర్డ్.’ అర్జీ పంపి వారమైనా మెకానిక్ రాలేదు. మేము బిందెలు పట్టుకుని వీధి కుళాయి దగ్గర బారులు తీరాం. చివరికి కనుక్కుంటే అర్జీ చదివినవారు ‘మోటారు బాగుచేశారట, సంతోషం’ అనుకుని పక్కన పెట్టేశారని తెలిసింది. తెలుగులో ‘మోటారు రిపేరైంది’ అంటే చెడిపోయిందని అర్థం. ఇంగ్లీషులో ‘రిపేర్డ్’ అంటే బాగుచేయబడింది. మనం రాయవలసింది ‘అవర్ మోటార్ హ్యాజ్ బ్రోకెన్ డౌన్’ లేదా ‘అవర్ మోటార్ నీడ్స్ రిపేర్’. సైకిలుకైనా, ఫ్యానుకైనా ఇదే సూత్రం.

‘స్పాయిల్’ అంటే చెడిపోవడం, పాడైపోవడం. అన్నం పాసిపోతే, పాలు విరిగితే, తడిసిన ధాన్యం మొలకెత్తితే ఈ మాట. ‘ది అన్‌సీజనల్ రెయిన్స్ స్పాయిల్డ్ ది ప్యాడీ’ అంటే అకాల వర్షాలకు ధాన్యం పాడైందని. గాలివానకు వరి చేను పడిపోతే మాత్రం వ్యవసాయశాఖ ఇంగ్లీషులో ‘లాడ్జింగ్’ అంటారు. ‘ది క్రాప్ హ్యాజ్ లాడ్జ్డ్’ అని చదివి, పంట ఏ లాడ్జిలో దిగిందని ఆశ్చర్యపోకండి. చేను నేలకు ఒరిగిందని అర్థం.

రెండో హెచ్చరిక: రూయిన్, రెక్, ర్యావిజ్, హ్యావక్

‘రూయిన్’ అంటే ఇక ఎందుకూ పనికిరాకుండా పోవడం. వస్తువు కంటికి కనిపిస్తూనే ఉంటుంది, విలువ పోతుంది. తడిసి ముద్దయిన పుస్తకం ‘రూయిన్డ్’. అప్పులపాలై చితికిన రైతు కూడా ‘రూయిన్డ్’. పాడుబడిన కోట ‘ఇన్ రూయిన్స్’.

‘రెక్’ అంటే ముక్కలు ముక్కలుగా ధ్వంసం కావడం. ఓడలు, బస్సులు, రైళ్లకు ఎక్కువగా వాడతారు. స్పెల్లింగులో మొదట ఉన్న డబ్ల్యూ పలకదు. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన మన కోరంగి రేవుపట్టణాన్ని ముంచి, ఓడలను ధ్వంసం చేసింది. ‘ది షిప్స్ వర్ రెక్డ్’ అని చెప్పాలి. ఇక్కడే ఇంకో సంగతి తెలుసుకోండి. ‘సైక్లోన్’ అనే మాటను పుట్టించినవాడు కలకత్తాలో పనిచేసిన హెన్రీ పిడింగ్టన్ అనే ఆంగ్లేయుడు. బంగాళాఖాతపు తుపానులను చదివి, పాము చుట్ట తిరిగినట్లు గాలి తిరుగుతుందని గ్రీకు మాట నుంచి ఆ పేరు పెట్టాడు. 1848లో ఆయన వేసిన పుస్తకంతో అది ప్రచారంలోకి వచ్చింది. మన సముద్రపు గాలిని చూసి పుట్టిన మాట అది.

‘ర్యావిజ్’ నిదానంగా, ఎక్కువ రోజులపాటు జరిగే నాశనానికి బాగా నప్పుతుంది. కరువు, యుద్ధం, అంటురోగం ఒక ప్రాంతాన్ని పీల్చి పిప్పిచేస్తే ఈ మాట వాడతారు. 1832–33లో గుంటూరు ప్రాంతాన్ని నందన కరువు తినేసింది. ‘ది ఫ్యామిన్ ర్యావిజ్డ్ గుంటూర్’ అనడం సరైన వాడుక. అటువంటి కరువుల తరువాతే కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది.

‘హ్యావక్’ మన తెలుగు పేపర్లు రాసే ‘బీభత్సం’, ‘అల్లకల్లోలం’. వస్తువులు పోవడంతో పాటు అంతా చెల్లాచెదురు కావడం, గందరగోళం ఇందులో ఉంటాయి. పాతకాలంలో యూరపు సైన్యాల్లో ఇది ఒక కేక. ఆ కేక వినబడితే సైనికులు ఊరిమీద పడి దోచుకోవచ్చని అర్థం. దీని వాడుకలో గుర్తుంచుకోవలసినవి ఇవి:

ఇది నామవాచకం. ముందు ‘ఎ’ రాదు, చివర ‘ఎస్’ రాదు.
‘రీక్ హ్యావక్ ఆన్’ అంటే బీభత్సం సృష్టించడం. ‘ది సైక్లోన్ రీక్డ్ హ్యావక్ ఆన్ ది కోస్ట్.’
‘ప్లే హ్యావక్ విత్’ అంటే తారుమారు చేయడం. ‘పవర్ కట్స్ ప్లేడ్ హ్యావక్ విత్ అవర్ స్టడీ అవర్స్.’

‘రీక్’ స్పెల్లింగులో కూడా మొదట డబ్ల్యూ ఉంటుంది, అది పలకదు. డబ్ల్యూ లేకుండా ఆర్‌తో మొదలుపెట్టి, రెండు ఈ-లతో రాస్తే కంపు కొట్టడం అని అర్థం. పరీక్షలో తుపాను కంపు కొట్టిందని రాయకుండా జాగ్రత్తపడండి.

మూడో హెచ్చరిక: డిస్ట్రాయ్, డెవస్టేట్, అనైయలేట్

‘డిస్ట్రాయ్’ అంటే లేకుండా చేయడం. డ్యామేజీకి, దీనికి తేడా ఒక్క ప్రశ్నతో తేలిపోతుంది. బాగుచేసుకోగలమా? చేసుకోగలిగితే డ్యామేజ్. మళ్లీ మొదటి నుంచి కట్టుకోవలసిందే అంటే డిస్ట్రాయ్. మన తమ్ముడి పాక ‘డిస్ట్రాయ్డ్’. మనిషి కావాలని పడగొడితే మాత్రం ‘డిమాలిష్’. తుపాను ఇంటిని డిమాలిష్ చేసిందనడం కంటే డిస్ట్రాయ్ చేసిందనడం మేలు.

ఇక మన అసలు మాట ‘డెవస్టేట్’. చాలామంది ‘డివాస్టేట్’ అని పలుకుతారు. ఊనిక మొదటి అక్షరం మీద ఉండాలి, ‘డె’వస్టేట్. స్పెల్లింగు డీ-ఈ-వీ-ఏ-ఎస్-టీ-ఏ-టీ-ఈ. వీ తరువాత ఏ రాయాలా, ఈ రాయాలా అని అందరికీ అనుమానమే. చిట్కా ఏమిటంటే, దీని కడుపులో ‘వాస్ట్’ అనే మాట ఉంది. వాస్ట్ అంటే విశాలమైన అని మనకు తెలుసు. ఇది ఉత్త చిట్కా కాదు, నిజమైన చుట్టరికమే. లాటినులో ‘వాస్టుస్’ అంటే ఖాళీగా పడి ఉన్న అని అర్థం. దాని నుంచే వాస్ట్, వేస్ట్, డెవస్టేట్ మూడూ వచ్చాయి. నిన్నటిదాకా ఇళ్లు, తోటలు, మనుషులు ఉన్నచోట ఈ రోజు కంటికి ఆనేంత దూరం ఖాళీ మిగిలితే అది డెవస్టేషన్.

అందుకే ఈ మాటకు విస్తీర్ణం కావాలి. ఒక కుర్చీ విరిగితే డెవస్టేట్ కాదు, ఒక గోడ కూలితే కాదు. ఒక ఊరు, ఒక జిల్లా, ఒక ప్రాంతం అయితేనే ఇది నప్పుతుంది. 1977 నవంబరు 19న దివిసీమ మీద పడిన ఉప్పెనలో 10 వేల మందికి పైగా చనిపోయారు. ‘ది సైక్లోన్ డెవస్టేటెడ్ దివిసీమ’ అని రాస్తే మాట బరువూ సరిపోయింది, జరిగినదాని బరువూ సరిపోయింది. ఇందులోనుంచే ‘డెవస్టేషన్’ అనే నామవాచకం, ‘డెవస్టేటింగ్’ అనే విశేషణం వస్తాయి. ‘ఎ డెవస్టేటింగ్ ఫ్లడ్’ అంటే సర్వనాశనం చేసిన వరద.

మనసుకు కూడా ఈ మాట వాడతారు. ఇంట్లో పెద్దదిక్కును పోగొట్టుకున్నవారు ‘షి వాజ్ డెవస్టేటెడ్’. లోపలంతా ఖాళీ అయిపోయిందని భావం. యూనిట్ టెస్టులో రెండు మార్కులు తగ్గితే ‘ఐ యామ్ డెవస్టేటెడ్’ అనకండి తమ్ముళ్లూ. ‘డిసప్పాయింటెడ్’ అనే చక్కటి మాట ఉంది. పెద్ద మాటలు పెద్ద కష్టానికి దాచుకోవాలి.

ఈ మెట్టు మీదే ఇంకో రెండు మాటలు ఉన్నాయి.

‘రేజ్’ అంటే నేలమట్టం చేయడం. పైకి లేపడం కూడా ‘రెయిజ్’ అనే మాటే. పలకడంలో రెండూ ఒకటే, అర్థాలు మాత్రం నేలా నింగీ. నేలమట్టానికి స్పెల్లింగులో జెడ్ ఉంటుంది, పైకెత్తడానికి ఐ, ఎస్ ఉంటాయి.

‘డెసిమేట్’లో పది దాగి ఉంది. పూర్వం రోమను సైన్యంలో తప్పు చేసిన దళాన్ని శిక్షించడానికి చీట్లు వేసి, పదిమందిలో ఒకరిని చంపేవారు. ఇప్పుడు ఎక్కువ భాగం నశించడమని వాడుతున్నారు. ఒక్క ఇంటికో, ఒక్క చెట్టుకో ఇది వాడకూడదు. గుంపుకే వాడాలి.

‘అనైయలేట్’ ఈ వరుసలో చివరి మెట్టు. దాని గురించి చివర్లో చెబుతాం.

తెలుగు పేపరు నుంచి ఇంగ్లీషుకు

మనం రోజూ రీడింగ్ రూములో చదివే పేపరు మాటలకు ఇంగ్లీషులో దగ్గరగా వచ్చేవి ఇవి. నోటుబుక్కులో ఎక్కించుకోండి.

దెబ్బతింది: వాజ్ డ్యామేజ్డ్
నీట మునిగింది: వాజ్ ఇనండేటెడ్, వాజ్ సబ్‌మర్జ్డ్
గట్టుకు గండి పడింది: ది బండ్ వాజ్ బ్రీచ్డ్
లంక భూములు కోతకు గురయ్యాయి: ది ల్యాండ్స్ వర్ ఎరోడెడ్
చెట్లు కూకటివేళ్లతో లేచిపోయాయి: ట్రీస్ వర్ అప్‌రూటెడ్
కొట్టుకుపోయింది: వాజ్ వాష్డ్ అవే
తుడిచిపెట్టుకుపోయింది: వాజ్ వైప్డ్ అవుట్
జనజీవనం స్తంభించింది: నార్మల్ లైఫ్ వాజ్ ప్యారలైజ్డ్

ఇందులో కొట్టుకుపోవడం, గండి పడడం, కోత, ముంపు వంటివి ఏం జరిగిందో చెప్పే మాటలు. నాశనం, విధ్వంసం వంటివి ఎంత జరిగిందో చెప్పే మాటలు. అర్జీలో మొదటి రకం ముందు రావాలి, రెండో రకం తరువాత రావాలి. దీనిని మరిచిపోకండి.

అర్జీ రాసేటప్పుడు

ఇప్పుడు అసలు పని దగ్గరకు వచ్చాం. మనలో చాలామంది ఇళ్లలో ఇంగ్లీషు చదవగలిగేది మనం ఒక్కరమే. తుపాను తరువాత ఎన్యూమరేషన్‌కు వచ్చినవారు ఫారం ఇస్తే నాన్నగారు మన చేతికే ఇస్తారు. పక్కింటి మామయ్య, ఎదురింటి పిన్ని కూడా మన దగ్గరకే వస్తారు. అక్కడ మనం వేసే మాట ఇంటి లెక్కల్లోకి వెళుతుంది.

ప్రభుత్వ విపత్తు సహాయ నిబంధనల్లో ఇళ్ల నష్టాన్ని ‘ఫుల్లీ డ్యామేజ్డ్’, ‘పార్షియల్లీ డ్యామేజ్డ్’ అని వేరు చేస్తారు. పాక్షికం అనిపించుకోవాలన్నా కనీసం 15 శాతం దెబ్బతిని ఉండాలి. గుడిసెలకు వేరే వరుస ఉంటుంది. పంటకైతే 2015 నుంచి 33 శాతం, ఆపైన నష్టం జరిగి ఉంటేనే పెట్టుబడి సాయానికి లెక్కలోకి వస్తుంది. అంతకుముందు అది 50 శాతంగా ఉండేది. కనుక ఉత్త ‘డ్యామేజ్డ్’ అని రాసి వదిలేస్తే అది ఏ గడిలో పడుతుందో చెప్పలేం. ‘ఫుల్లీ’ అన్న ఒక్క మాట ముందు ఉండడానికి, లేకపోవడానికి ఎంత తేడా ఉందో చూడండి.

మరి పెద్ద మాటలు నేర్చుకున్నాం కదా అని ‘మై హౌస్ ఈజ్ డెవస్టేటెడ్’ అని రాయవచ్చా? వద్దు. ఆఫీసుకు ఆఫీసు మాటలే కావాలి. ఫారంలో ఏ మాట ఉందో అదే వాడి, దాని కింద ఏం జరిగిందో వరసగా రాయాలి. జరగనిది రాయవద్దు. రెండు రేకులు లేచిపోయిన ఇంటికి ‘కంప్లీట్లీ డిస్ట్రాయ్డ్’ అని రాస్తే చూడటానికి వచ్చినవారు నవ్వుకుని వెళతారు. తరువాత మన వీధిలో నిజంగా ఇల్లు పోయినవాడి మాట కూడా నమ్మరు. తక్కువ రాస్తే మనం నష్టపోతాం, ఎక్కువ రాస్తే పొరుగువాడు నష్టపోతాడు.

మాదిరిగా ఒకటి ఇస్తున్నాం. ‘అవర్ థ్యాచ్డ్ హౌస్ వాజ్ ఫుల్లీ డ్యామేజ్డ్ ఇన్ ది సైక్లోన్. ది రూఫ్ వాజ్ బ్లోన్ అవే అండ్ ది మడ్ వాల్స్ కొలాప్స్డ్. ఆల్ అవర్ రైస్, క్లోత్స్ అండ్ వెసెల్స్ వర్ వాష్డ్ అవే. వి ఆర్ నౌ స్టేయింగ్ ఇన్ ది స్కూల్.’ నాలుగు చిన్న వాక్యాలు. కష్టమైన మాట ఒక్కటీ లేదు. కప్పు లేచిపోయింది, మట్టిగోడలు కూలాయి, ఇంట్లోవన్నీ కొట్టుకుపోయాయి, బడిలో తలదాచుకుంటున్నాం అని చదివినవారికి కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది.

బాబాసాహెబ్ ఎంచుకున్న మాట

‘అనైయలేట్’ గురించి చివర్లో చెబుతామన్నాం. స్పెల్లింగులో రెండు ఎన్-లు, మధ్యలో ఒక హెచ్ ఉంటాయి. హెచ్ పలకదు. మనవాళ్లు తెలుగులో ‘అనిహిలేషన్’ అని రాయడం అలవాటు. లాటినులో ‘నిహిల్’ అంటే ఏమీ లేదు అని. ఏమీ మిగలకుండా చేయడం దీని అర్థం. డ్యామేజ్ అయినదాన్ని బాగుచేయవచ్చు, డిస్ట్రాయ్ అయినదాన్ని మళ్లీ కట్టవచ్చు. అనైయలేట్ అయినది మళ్లీ మొలవదు.

ఈ మాట మన హాస్టల్లో అందరికీ తెలుసు. డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ గారి పుస్తకం పేరులో ఉంది. లాహోరులోని జాత్-పాత్-తోడక్ మండల్ వారు 1936లో జరగవలసిన తమ వార్షిక సభకు అధ్యక్షోపన్యాసం ఇవ్వమని ఆయనను ఆహ్వానించారు. తోడక్ అంటే విరగగొట్టేవారు. కులాన్ని విరగగొట్టే సంఘమని దాని పేరు. అయినా ఉపన్యాసం రాతప్రతి చూశాక కొన్ని భాగాలు మార్చమన్నారు. ఆయన కామా కూడా మార్చనన్నారు. సభ రద్దయింది. ఆయన ఆ ఉపన్యాసాన్ని ఆ సంవత్సరమే సొంత ఖర్చుతో 1,500 ప్రతులు అచ్చువేయించారు. రెండు నెలల్లో అన్నీ చెల్లిపోయాయి. అదే ‘అనిహిలేషన్ ఆఫ్ క్యాస్ట్’, తెలుగులో ‘కుల నిర్మూలన’.

ఆ పేరులో ‘రిఫార్మ్’ అనే మాట పెట్టవచ్చు, సంస్కరణ అని. ‘వీకెన్’ అని పెట్టవచ్చు, బలహీనపరచడం అని. అవి వింటే ఎవరికీ కోపం రాదు. ఆయన మెట్లన్నీ ఎక్కి చిట్టచివరి మాట దగ్గర నిలబడ్డారు. ఇంగ్లీషు మాటల బరువు బాగా తెలిసిన మనిషి తన మనసులో ఉన్నదానికి సరిపోయే మాటే వేశారు. దానివల్ల సభ పోయింది, మాట నిలిచింది.

మీరే ప్రయత్నించండి

కింది ఖాళీలలో సరైన మాట రాయండి. జవాబులు తరువాత ఉన్నాయి, ముందే చూడకండి.

1. మై బ్రదర్ వాజ్ ––– ఇన్ ది బస్ యాక్సిడెంట్. (డ్యామేజ్డ్ / ఇంజ్యూర్డ్)
2. ది 1977 సైక్లోన్ ––– దివిసీమ. (స్పాయిల్డ్ / డెవస్టేటెడ్)
3. హెవీ రెయిన్స్ ప్లేడ్ ––– విత్ ది ట్రెయిన్ టైమింగ్స్. (ఎ హ్యావక్ / హ్యావక్)
4. ది కోర్ట్ ఆర్డర్డ్ హిమ్ టు పే –––. (డ్యామేజ్ / డ్యామేజెస్)
5. ది మిల్క్ ఈజ్ –––. (స్పాయిల్ట్ / డిస్ట్రాయ్డ్)
6. అవర్ ఫ్యాన్ హ్యాజ్ –––, ప్లీజ్ సెండ్ ఎ మెకానిక్. (బీన్ రిపేర్డ్ / బ్రోకెన్ డౌన్)

జవాబులు: 1. ఇంజ్యూర్డ్ 2. డెవస్టేటెడ్ 3. హ్యావక్ 4. డ్యామేజెస్ 5. స్పాయిల్ట్ 6. బ్రోకెన్ డౌన్.

ఆరుకు ఆరు వచ్చినవాళ్లకు మా అభినందనలు. ఆరో దానిలో తప్పినవాళ్లకు మా సానుభూతి, మేము కూడా అక్కడే తప్పాం.

ముగించే ముందు ఆ తమ్ముడి సంగతి చెప్పాలి. మాస్టారు ఆ రోజు చీటీని తాను రాసివ్వలేదు. బల్ల మీద కూర్చోబెట్టి, ఇంట్లో ఏమేం పోయాయో తెలుగులో ఒక్కొక్కటే చెప్పించి, ఒక్కొక్కదానికి ఇంగ్లీషు మాట ఇచ్చి, వాడి చేతనే రాయించారు. కప్పు, గోడ, బియ్యం, మేకలు, చెల్లి పుస్తకాలు. రాసేటప్పుడు వాడు మొదటిసారి ఏడ్చాడు. అంతవరకు ఏడవలేదు. వార్డెన్ గారు పది రోజుల సెలవు ఇచ్చారు, మేమంతా తలా కొంత వేసుకుని బస్సు చార్జీ ఇచ్చి పంపాం.

పది రోజుల తరువాత తిరిగివచ్చి, సంచి కింద పెట్టకముందే, “మాస్టారండీ, ఆ రోజు చెప్పినవి కాకుండా ఇంకా ఏం మాటలున్నాయండి?” అని అడిగాడు. మాస్టారు బ్లాకుబోర్డు మీద రాశారు. మేమందరం నోటుబుక్కుల్లో ఎక్కించుకున్నాం. పైన మీరు చదివినదాంట్లో సగం ఆ రోజు బోర్డు మీదిదే.

మీకు ఇటువంటి మాటలు అవసరం రాకూడదనే మా కోరిక. అయినా గోదావరి పక్కన ఉన్నవాళ్లం, సముద్రం దగ్గరున్నవాళ్లం. నేర్చుకుని ఉంచుకోండి.

అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలతో,

1996–97 పదో తరగతి బ్యాచ్ పూర్వ విద్యార్థులు
రాజమహేంద్రవరం